టి-కణాలను లేపే పెప్టైడ్‌ను పట్టుకోవడం: తిరుపతి ల్యాబ్‌ల కోసం

పెప్టైడ్ అంటే ప్రోటీన్‌లోని చిన్న ముక్క; దాన్ని టి-కణానికి (రోగనిరోధక తెల్లకణానికి) చూపించేది హెచ్‌ఎల్‌ఏ అనే అణువు, దాని రకం మనిషి మనిషికీ మారుతుంది. ఏ ముక్క ఏ రకానికి అతుక్కుంటుందో అంచనా వేసే నెట్‌ఎంహెచ్‌సీపాన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోటీన్ వరుసను పెట్టేటప్పుడు హెచ్‌ఎల్‌ఏ-ఏ 02:01 ఒక్కటే ఎంచుకుని ఆగిపోకండి. మనవాళ్లలో ఏ 11:01, ఏ 24:02, ఏ 33:03 కూడా బాగా కనిపిస్తాయి. వాటిని వదిలేస్తే ఇక్కడి దాతల రక్తంలో పలికే పెప్టైడ్లు చాలా జారిపోతాయి. 9 అమైనో ఆమ్లాల ముక్కల్లో ర్యాంకు (ఎంత తక్కువైతే అంత గట్టిగా అతుక్కుంటుందని) 0.5 శాతం లోపువి ముందు, 2 శాతం దాకా ఉన్నవి తర్వాత. అతుక్కునే ప్రతి పెప్టైడూ టి-కణాన్ని లేపదు. అది ఎలిస్పాట్‌లో (లేచిన ఒక్కో టి-కణం ప్లేటు మీద ఒక చుక్కగా కనిపించే పరీక్షలో) తేలాలి.

ఆ పరీక్షకు దాతల రక్తం హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో తీసి 8 గంటల్లోపు టి-కణాలున్న తెల్లకణాల పొరను వేరుచేయండి. మే నెల ఎండలో రుయా ఆసుపత్రి నుంచి యూనివర్సిటీకి బండి డిక్కీలో తేవద్దు. అలాగని ఐసులోనూ పెట్టొద్దు: చల్లబడిన రక్తంలో గ్రాన్యులోసైట్లు (మరో రకం తెల్లకణాలు) మనకు కావలసిన పొరలో కలిసిపోయి, చుక్కలు తగ్గుతాయి. 18–25 డిగ్రీలు సరిపోతుంది.

ఎలిస్పాట్ ప్లేటులో ఒక్కో వెల్‌కు (గుంటకు) 2 లక్షల కణాలు, పెప్టైడ్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు, 37 డిగ్రీల్లో 18–20 గంటలు; ప్రతి పెప్టైడ్‌కూ మూడేసి వెల్స్. పెప్టైడ్‌ను కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటనివ్వకండి, కణాలు డీలా పడతాయి. పెప్టైడ్ లేకుండా అంతే డీఎంఎస్‌ఓ వేసిన వెల్, పీహెచ్‌ఏ (టి-కణాలను ఎలాగైనా లేపే పదార్థం) వేసిన వెల్ తప్పనిసరి. పీహెచ్‌ఏకే చుక్కలు రాకపోతే ఆ ప్లేటును నమ్మకండి. ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తీయొద్దు. ప్లేటు కదిలితే చుక్కలు తోకచుక్కల్లా సాగి లెక్కకు అందవు.