శ్రీకాకుళం పల్లెల్లో గ్రావెల్ సైక్లింగ్ ఎలా చేయాలి?

గ్రావెల్ సైక్లింగ్‌కి, అంటే తారు లేని మట్టి, కంకర దారుల్లో తొక్కడానికి, ఖరీదైన సైకిల్ కంటే ముందు కావాల్సింది దారి. ఆ విషయంలో శ్రీకాకుళం వాళ్లకి లోటు లేదు. కాలువ గట్లు, చెరువు గట్లు, పొలాల మధ్య డొంకలు, ఊరికీ ఊరికీ మధ్య ఎర్ర గ్రావెల్ రోడ్లు బోలెడు. అయితే జనవరిలో హాయిగా తొక్కిన డొంక ఆగస్టులో నడవడానికి కూడా పనికిరాదు. కాలువలో నీళ్లున్నాయా, పొలంలో ఏ పంట ఉంది అని చూసి బయల్దేరాలి.

ముందు నెల చూసుకోండి

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరుని నమ్మొద్దు. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను వచ్చింది ఆ నెలలోనే. వాన పడ్డాక ఎర్రనేల ఒకట్రెండు ఎండలకి ఆరిపోతుంది. నల్లరేగడి గట్టు అలా కాదు, బంకమట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు, సైకిల్ని మీరే మోయాలి. వేసవిలోనైతే తెల్లారకముందే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఇంటికి చేరిపోవాలి.

టైర్లు, గాలి

గ్రావెల్ బైకే ఉండాలని లేదు. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ అయినా, పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్) అయినా చాలు. సన్నటైర్ల రోడ్ బైకుని మాత్రం ఇంట్లో వదిలేయండి.

గాలి రాయిలా కొట్టించడం మనలో చాలామందికి అలవాటు. ఆ టైరు గుండ్రటి గ్రావెల్ రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది, మలుపులో జారుతుంది. డెబ్బై కిలోల మనిషి 40 మిల్లీమీటర్ల టైరులో 35–40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, ముందు చక్రంలో రెండు మూడు తగ్గించి చూడొచ్చు. ట్యూబు టైరైతే మరీ తగ్గించకూడదు. రాయి తగిలినప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అసలు శత్రువు సర్కారు తుమ్మ. చెరువు గట్ల మీద కొట్టి పడేసిన మండలు ఎండాక ఆ ముళ్లు మేకుల్లా తయారవుతాయి. సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైరైతే చిన్న చిల్లుని అదే పూడ్చుకుంటుంది. లేదంటే రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతిపంపు ఉండాల్సిందే. ప్రెస్టా వాల్వు (మోటారుసైకిల్ పంపు పట్టని సన్నటి గాలి వాల్వు) ఉన్నవాళ్లు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. అది లేకపోతే మోటారుసైకిళ్లకి గాలికొట్టే పంక్చర్ షాపు ఎదురుగా ఉన్నా మీకు ఉపయోగం లేదు.

దారి గీయడం

మ్యాపులో శాటిలైట్ వ్యూ పెట్టి కాలువలు వెతకండి. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కుడి, ఎడమ కాలువలు, వాటి పిల్లకాలువలు గీతల్లా కనిపిస్తాయి. పక్కన మట్టిరంగు చార ఉంటే అదే గట్టు దారి. రెండు గట్లలో వెడల్పాటిది ఎంచుకోండి. చెట్ల వరస ఒకటి వంకరటింకరగా దారిని అడ్డంగా కోస్తే అది గెడ్డ, అంటే వాగు. దాని మీద కల్వర్టు ఉందో లేదో పైనుంచి తెలీదు. మొదటిసారికి మొత్తం 40 కిలోమీటర్లు మించకుండా, మధ్యమధ్యలో తారురోడ్డు ఎక్కే వీలుండేలా గీసుకోండి. ఆ ట్రాక్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దాచుకోండి, కొండల వెనక సిగ్నల్ ఉండదు.

మ్యాపు తేల్చనిది రైతు తేలుస్తాడు, అడిగే పద్ధతిలో అడిగితే. "దారుందా?" అంటే ఎవరైనా ఉందనే అంటారు, కాలినడకన వెళ్లేవాళ్లకి గట్టుకూడా దారేగా. "ట్రాక్టరు వెళ్తుందా? గెడ్డలో నీరెంతుంది?" అని అడగండి. "ట్రాక్టరెల్లదు బాబూ, గెడ్డకాడ దిగి మోసుకెల్లిపోవాల" అన్నారంటే మీకు కావాల్సిన సమాచారం మొత్తం వచ్చేసినట్టే.

మొదటి రైడ్ ఎక్కడ?

ఆమదాలవలస నుంచి మొదలుపెట్టమంటాను. శ్రీకాకుళం రోడ్ రైల్వేస్టేషన్ అక్కడే ఉంది, బయటివాళ్లు చేరడం తేలిక. దగ్గర్లోని దన్నానపేటలో బృహత్ శిలాయుగపు సమాధి ఉంది. ఒకే ఒక్క మహాబండ పైకప్పులా పరిచి ఉంటుంది. యంత్రాలు లేని రోజుల్లో దాన్ని ఎలా జరిపారా అని కాసేపు చుట్టూ తిరుగుతారు ఎవరైనా.

అక్కణ్నుంచి సరుబుజ్జిలి మండలం దంతవరపుకోట వైపు. ప్రాచీన కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారుల మాట. రాతికోటని ఊహించుకుని వెళ్తే నిరాశే, ఇక్కడ చూడాల్సింది మట్టికోట గోడ. దాని మీదికి సైకిల్ ఎక్కించాలని కాళ్లు లాగుతాయి, వద్దు. టైరు గాడిలోకి వాననీరు దిగి మట్టిని కోసుకుపోతుంది. కింద ఆపి నడవండి. నేలమీద పాత కుండపెంకులు కనిపిస్తే చూసి వదిలేయండి.

రెండోసారికి వంశధార. దక్షిణపు ఒడ్డున కొండమీద శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట అదే నది ఎగువన, శ్రీముఖలింగం దగ్గర. తూర్పు గాంగుల నాటి మధుకేశ్వరాలయం చూడ్డానికి అక్కడికి వేరే రోజు పెట్టుకోవాలి. రెండూ ఒకే పూటలో కానిచ్చేద్దామనుకుంటే ఏదీ సరిగా చూడరు.

కొండదారులైతే

సీతంపేట వైపు ఎక్కుడు బాగుంటుంది, కానీ ఒడిశా నుంచి దిగిన ఏనుగులు ఆ చుట్టుపక్కల ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఆరోజు ఎక్కడున్నాయో ఊళ్లో కనుక్కోకుండా అడుగు వేయొద్దు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లున్నాయి, మనుషుల మీద దాడులూ జరిగాయి. అటువైపు తెల్లవారుజామున, పొద్దుగూకాక తొక్కకండి.

దిగుడులో బ్రేకు మలుపుకి ముందే వేసేయాలి, మలుపులో కాదు. ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే గ్రావెల్ మీద చక్రం జారి మోచేతులు చెక్కుకుపోతాయి.

ఊళ్లోంచి వెళ్లేటప్పుడు

కోతల తర్వాత ధాన్యం, మినుములు, ఉలవలు రోడ్డు మీదే ఎండబోస్తారు. పక్కన సందులేకపోతే దిగి చుట్టూ నడవండి. టైరుకి అంటిన గింజలకంటే, "మా పంట తొక్కుకుపోయారు" అన్న మాట వెనకొచ్చే రైడర్లకి ఎక్కువ చేటు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్ని మధ్యలో అడ్డంపెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలావరకు అవే ఆగిపోతాయి. గుడికి వెళ్లే ఆలోచన ఉంటే బిగుతు షార్ట్స్ మీద వేసుకోడానికి లుంగీ ఒకటి మడిచి పెట్టుకోండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు తగ్గకూడదు. ఎవరైనా చోడి (రాగి) అంబలి ఇస్తే మొహమాటపడకుండా తాగండి, ఎనర్జీ జెల్ దానిముందు దిగదుడుపే.

ఇంటికొచ్చాక సైకిల్‌కి నీళ్లు కొట్టేముందు చెయిన్ని పొడిగుడ్డతో తుడవండి. నూనెలో కలిసిన ఎర్రదుమ్ము ఆకురాయిలా గేరు పళ్లని అరగదీస్తుంది. పూర్తిగా ఆరాక, లింకుకో చుక్క చొప్పున కొత్త నూనె వేసి, పైకి కనిపించే జిడ్డంతా మళ్లీ తుడిచేయండి.