పాత క్యాంపర్ వాన్‌ను దూరప్రయాణానికి సిద్ధం చేయడం: సమస్య - పరిష్కారం

పాత డీజిల్ ట్రావెలర్ లాంటి వాన్‌లో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి దూరం బయలుదేరేవాళ్ల కోసం రాసింది ఇది. ఈ ప్రాంతంలో పాత బండిని పాడుచేసేవి ముఖ్యంగా మూడు: మే నెల ఎండ, రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లు, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ ముల్లు.

"బండి వేడెక్కుతోంది" అని మాత్రమే చెబితే మెకానిక్ ముందు తోచిన పార్టు మారుస్తాడు. "ఊళ్లో ఏమీ లేదు, హైవే ఎక్కి 80 దాటితేనే మీటరు ముల్లు పైకి పోతోంది" అని చెబితే వెతుకులాట సగం తగ్గుతుంది. కాబట్టి ఏ లోపమైనా ముందు అది ఎప్పుడు వస్తోందో గమనించండి. ఈ పనులన్నీ బయలుదేరడానికి నెల ముందే మొదలుపెట్టాలి. రేడియేటర్ విప్పి షాపుకిచ్చినా, పార్టు బయటి ఊరి నుంచి తెప్పించినా రోజులు పడతాయి.

ఇంజన్ వేడెక్కుతోంది

ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, హైవే మీద గాలి తగిలితే తగ్గిపోతుందా? లోపం ఫ్యాన్ వైపు ఉంది. బెల్టు వదులైందేమో చూడండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరుకు మించి దిగకూడదు. లోపలి వైపు పగుళ్లుంటే బెల్టు మార్చేయండి, పాతది స్పేర్‌గా సీటు కింద పెట్టుకోండి. కొన్ని బండ్లకు ఫ్యాన్ మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. బరువుగా తిరిగి వెంటనే ఆగాలి. ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరుగుతున్నా, క్లచ్ చుట్టూ జిడ్డు మరకలు కారి దుమ్ము పట్టినా ఆ క్లచ్ పని అయిపోయినట్టే.

గుత్తి, డోన్ మీదుగా కర్నూలు పోయే జాతీయ రహదారి 44 మీద నిలకడగా వేగంలో ఉన్నప్పుడు, లేదా ఎత్తు ఎక్కుతున్నప్పుడు వేడెక్కుతోందంటే లోపం నీళ్ల ప్రవాహంలో ఉంది. ఎక్కువసార్లు కారణం రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న సున్నపు పొర. అనంతపురం జిల్లా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవే నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గారే రేడియేటర్ లోపలా పడుతుంది. పొర మందమయ్యే కొద్దీ వేడి బయటికి పోదు, గొట్టాలు పూడిపోతాయి.

పూడిందో లేదో తెలుసుకోవడం సులువు. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, రేడియేటర్ ముందు భాగాన్ని చేత్తో అక్కడక్కడా తాకి చూడండి (ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండి అయితే ముందు బ్యాటరీ వైరు తీయండి, ఇంజన్ ఆగినా అది తిరగొచ్చు). పైనుంచి కిందికి వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక చోట చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే షాపులో పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్చి శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కు ఈ వైద్యం కుదరదు, కొత్తదే వేయాలి. బయటి రెక్కల్లో దుమ్ము, పురుగులు నిండితే ఇంజన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టండి. ముందు నుంచి కొడితే మురికి ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగుతాయి.

రేడియేటర్ పై హోస్ కాలిపోతూ, కింది హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే వాల్వు) తెరుచుకోవడం లేదు. విప్పి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచండి. దాని మీద అచ్చువేసిన ఉష్ణోగ్రత దగ్గర, సాధారణంగా 80 డిగ్రీలు దాటాక, తెరుచుకోవడం మొదలవ్వాలి. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేద్దాం" అనే మెకానిక్ మాట వినొద్దు. తీసేస్తే ఇంజన్ పని వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి. అప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది.

రేడియేటర్ మూత చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లయితే 106, 107 దాకా ఆగుతాయి. మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే ఆ మరుగు మరో 18 డిగ్రీల దాకా పైకి జరుగుతుంది. మూతలోని రబ్బరు ఎండిపోతే ఆ లాభమంతా పోయి, ఘాట్ మధ్యలో ట్యాంకు పొంగుతుంది. పాత మూత మీదున్న అంకె చూసి అదే కొత్తది కొనండి. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది వద్దు. వేడి మీద మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, ముఖం కాలిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నీళ్లు తగ్గుతూ, ఇంజన్ నడుస్తుండగా కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయినట్టే. దాన్ని బాగుచేయించకుండా బయలుదేరొద్దు.

బ్రేకు పెడల్ తేడాగా ఉంది

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. లోడు లారీలు బ్రేకులు పట్టక ప్రమాదాల పాలైన చోటు అది. సామాన్లు నింపిన క్యాంపర్ కూడా బరువు బండే. మంచాలు, చెక్క అల్మరాలు, 100 లీటర్ల నీళ్లు కలిస్తే వాన్ కొన్ననాటి బరువుతో పోలికే ఉండదు.

పెడల్ మెత్తగా, స్పాంజిలా దిగుతుంటే గొట్టాల్లో గాలి ఉంది. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి వరుసగా గాలి తీయాలి. మామూలుగా గట్టిగానే ఉండి, ఘాట్ దిగుతూ పదేపదే తొక్కాక ఒక్కసారిగా మెత్తబడితే అది పాత బ్రేక్ ఆయిల్ పని. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం (డబ్బా మీద రాసి ఉంటుంది) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. చక్రాల దగ్గర అంత వేడి పుట్టినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు అంటుతుంది. రెండేళ్లు దాటిన ఆయిల్‌ను రంగు చూడకుండా మొత్తం మార్చేయండి. ఒక లీటరు దగ్గర పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. సీలు తీసి నెలల తరబడి మూలన పెట్టిన డబ్బా వాడొద్దు.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే వాక్యూమ్ బూస్టర్ (కాలి బలానికి తోడు ఇచ్చే భాగం) వైపు చూడాలి. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే వాక్యూమ్ హోస్ చీలి ఉంటుంది, లేదా వాక్యూమ్ పంపు అరిగి ఉంటుంది. చాలా డీజిల్ బండ్లలో ఈ పంపు డైనమో వెనకే ఉంటుంది. హోస్ ముందు మార్చి చూడండి, తక్కువ ఖర్చు.

బండి ఒక పక్కకు లాగడం, ఒక చక్రం మాత్రం కాలిపోవడం: పది కిలోమీటర్లు నడిపి, ప్రతి చక్రం దగ్గర చేయి పెట్టి, తాకకుండా, వేడి పోల్చండి. వేడెక్కిన చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పండి. బిగుసుకుని ఉంటే ఆయిల్ గాలి తీసే నిపిల్‌ను కొంచెం వదులు చేయండి. వెంటనే చక్రం వదులైతే తప్పు రబ్బరు హోస్‌ది. లోపల ఉబ్బి, ఆయిల్‌ను వెళ్లనిస్తూ వెనక్కి రానివ్వడం లేదు. వదులు కాకపోతే కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ తుప్పు పట్టింది. వెనక డ్రమ్ములు కూడా తప్పకుండా విప్పించండి. లోపలి బ్రేక్ సిలిండర్ కారి లైనర్లు తడిసి ఉంటే కడిగి వాడొద్దు, మార్చాలి.

దిగేటప్పుడు న్యూట్రల్ అసలే వద్దు. ఏ గేర్లో ఎక్కగలదో ఆ గేర్లోనే దించండి.

పొద్దున సెల్ఫ్ కొడితే లేవడం లేదు

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఆరిపోయేంత తగ్గితే బ్యాటరీ గానీ టెర్మినళ్లు గానీ. లైట్లు అలాగే వెలుగుతూ ఇంజన్ కదలకపోతే సెల్ఫ్ మోటారు, దాని వైర్లు. మల్టీమీటర్‌తో కొలిస్తే రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే ఉంది. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో బాగుంది.

బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ మీద పెట్టండి. 0.3 వోల్టు మించితే ఎర్త్ వైరు కింద తుప్పు ఉంది. విప్పి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. దీన్ని వదిలేసి కొత్త సెల్ఫ్ మోటార్లు కొన్నవాళ్లు చాలామంది.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోవడం లేదంటే ముందు డీజిల్ ఫిల్టర్ మీదున్న చేతి పంపును గట్టిపడేదాకా కొట్టండి. అప్పుడు వెంటనే స్టార్ట్ అయితే రాత్రిపూట డీజిల్ గొట్టంలోకి గాలి దూరుతోంది. కారే చోటు బయటికి తడిగా కనిపించాల్సిన పని లేదు, గాలి మాత్రమే లోపలికి పోవచ్చు. క్లిప్పులు, ఫిల్టర్ వాషర్లు, రబ్బరు గొట్టాలు మార్చండి. ఫిల్టర్ ఎలాగూ కొత్తది వేయాలి, ఇంకొకటి వెంట ఉంచుకోవాలి.

రాత్రి ఫ్రిజ్ ఆగిపోతోంది

బ్యాటరీ నిండుగా ఉన్నా ఆగుతోందంటే వైరు సన్నది. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుందనుకోండి. బ్యాటరీ నుంచి 6 మీటర్ల దూరం, పోనూ రానూ 12 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. 12.2 ఉన్న బ్యాటరీ ఫ్రిజ్‌కు 11.5గా కనిపించి, అది తనను తాను ఆపేసుకుంటుంది. అదే చోట 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది పావు వోల్టే. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్కలు వాన్‌లో వాడకండి. ప్రతి వైరుకూ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. అది లేకపోతే, ఒరిపిడికి వైరు తొక్క ఊడి బాడీకి తగిలినప్పుడు మంటలు లేస్తాయి.

నిజంగానే బ్యాటరీ ఖాళీ అవుతుంటే లెక్క చూసుకోండి. 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది 50 మాత్రమే, అంతకు మించి లాగితే దాని ఆయుష్షు తరుగుతుంది. 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 40 లాగొచ్చు, సీమ మే నెలలో ఇంకా ఎక్కువ. పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 25 నుంచి 30 ఇస్తుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువనుకోవద్దు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది, 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. రేకుకు అంటించకుండా కింద మూడు వేళ్ల సందు వదిలి బిగించండి. ఫ్రిజ్ వెనక కూడా గాలి ఆడాలి. అల్మరాలో బిగించి మూసేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది.

టైర్లు

గాటు లోతు బాగుందని మోసపోవద్దు, నిలిచిన బండికి టైరు వయసుతోనే చెడుతుంది. టైరు పక్క గోడ మీద అచ్చువేసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినవీ, పక్క గోడల్లో చీలికలున్నవీ మార్చండి, స్టెప్నీతో సహా.

గాలి ఎంత పెట్టాలో తెలియాలంటే బరువు తెలియాలి. నీళ్లు, గ్యాసు, సామాన్లు, మనుషులు అందరితో వే బ్రిడ్జి ఎక్కించండి. ఆదోని, అనంతపురం మార్కెట్ యార్డుల దగ్గర దొరుకుతుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తూయించి, ఆర్‌సీలో రాసిన బరువుతో పోల్చండి. మించితే ముందు తగ్గించాల్సింది నీళ్లు, లీటరుకు కిలో. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం ఎక్కువ చూపిందని తీసేస్తే టైరు ఇంకా వేడెక్కి పగులుతుంది.

రోజూ కొద్దికొద్దిగా గాలి దిగుతుంటే ముల్లు ఉండొచ్చు. తుమ్మ ముల్లు విరిగి రబ్బరులో ఉండిపోతుంది, పైకి చుక్కంత మాత్రమే కనిపిస్తుంది. రాత్రి ఆగేచోట కంప చెట్ల కింద నీడ చూసి బండి పెట్టకండి.

మిగతావి

గ్యాసు వాసన: ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. సిలిండర్ పెట్టె అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి. సబ్బు నురగతో ప్రతి అతుకూ చూడండి, అగ్గిపుల్లతో కాదు. హోస్ మీద తేదీ చూసి ఐదేళ్లు దాటితే మార్చండి. సిలిండర్ మెడ దగ్గర సి-27 అని ఉంటే 2027 జులై - సెప్టెంబర్ లోపు పరీక్షకు పోవాలని అర్థం. బండి నడుస్తుండగా వాల్వు మూసి ఉండాలి.

ట్యాంకు నీళ్లకు వాసన: 100 లీటర్ల ట్యాంకుకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, తేరిన పైనీళ్లు మాత్రమే పోయండి. ప్రతి కుళాయిలో ఆ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున రెండుసార్లు కడగండి.

పైకప్పు కారడం: పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టదు. మొత్తం గీకేసి బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు సీలు పట్టీ) వేయండి.

నల్ల పొగ: ముందు ఎయిర్ ఫిల్టర్. నల్లరేగడి దుమ్ములో నెలకే మూసుకుపోతుంది. ఫిల్టర్ మార్చినా తగ్గకపోతే నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పరీక్షించండి.

అన్నీ అయ్యాక, పూర్తి బరువుతో, మధ్యాహ్నపు ఎండలో, కడప - రాయచోటి దారిలో ఒకసారి పోయిరండి. ఎక్కేటప్పుడు మీటరు ముల్లు, దిగేటప్పుడు పెడల్ చూడండి. ఆగిన వెంటనే బండి కిందికి వంగి ఆయిల్, కూలెంట్, డీజిల్ చుక్కలేమైనా పడుతున్నాయేమో చూడండి. చక్రాలు విప్పి బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించడం మరవకండి.