కదలని సరుకు: ఒక స్టోర్సు ఉద్యోగి ఇల్లు సర్దిన పద్ధతి

విశాఖ ఉక్కు కర్మాగారంలో సరుకు నిల్వచేసే స్టోర్సు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉక్కునగరం క్వార్టరు ఖాళీచేసి గాజువాకలో రెండు పడకగదుల ఫ్లాటుకు మారవలసి వచ్చింది. సామాను ఎలా తగ్గించుకోవాలని ఎవరిని అడిగినా, ఆ వస్తువుతో మీకున్న అనుబంధం గురించి ఆలోచించుకోండి అన్నారు. మూత దొరకని ప్రెషర్ కుక్కరుతో అనుబంధం ఏముంటుంది? నాకు తెలిసింది సరుకు లెక్క. ఇంటికీ దాన్నే వాడాను.

స్టోర్సులో ఏ వస్తువు గురించైనా మూడు ప్రశ్నలు వేస్తాం. చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్ళింది? ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది? కావాలంటే ఎంతసేపట్లో దొరుకుతుంది? విశాఖలో కాపురం ఉన్నవాళ్ళు నాలుగోది కూడా కలుపుకోవాలి: దీన్ని తుడిచేదెవరు?

ఈ నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది తేమను పట్టి ఇనుము మీద నిలుపుతుంది కాబట్టి లోపలి ఊళ్ళలో కన్నా ఇక్కడ తుప్పు తొందరగా పడుతుంది. జూన్‌లో మొదలైన తడి నవంబరు దాకా వదలదు. అటక మీద పుస్తకాలకు బూజు, తోలు బెల్టులకు తెల్లటి పొర, బీరువాలో పట్టుచీరల మడతల్లో మరకలు. పడి ఉంటే ఉండనీ, అన్నం అడుగుతుందా అంటారు. ఈ ఊళ్ళో అడుగుతుంది. ఏటా ఎండలో పరచాలి, దులపాలి, తుడవాలి, మళ్ళీ సర్దాలి. ఆ చాకిరీకి ఎవరు సిద్ధంగా ఉన్నారో తేలాకే వస్తువు ఉంచుకోవాలా వద్దా అన్న మాట.

అలాగని మొదటిరోజే గోనెసంచులు పట్టుకుని దిగిపోకండి. ముందు బిన్ కార్డు పెట్టండి. స్టోర్సులో సరుకు పెట్టే ప్రతి అర దగ్గరా ఒక కార్డు వేలాడుతుంది. సరుకు వచ్చినప్పుడు, వెళ్ళినప్పుడు దాని మీద రాస్తారు. ఇంట్లో అంత అక్కర్లేదు. ప్రతి అల్మరా తలుపు లోపల ఒక కాగితం అంటించి, అందులోంచి తీసి వాడిన వస్తువు పేరు, నెల రాస్తే చాలు. వేసవిలో మొదలుపెట్టి వానలు వెళ్ళేదాకా రాయండి. డిసెంబరుకల్లా ఇల్లు తనంతట తానే మూడు వాటాలవుతుంది: చురుగ్గా కదిలేవి, నెమ్మదిగా కదిలేవి, అసలు కదలనివి. మా వాడుకలో ఈ మూడోదాన్ని నాన్‌మూవింగ్ అంటాం. మా ఇంట్లో ఈ వాటా వంటగదిలోనే ఎక్కువగా తేలింది. ఫంక్షన్లలో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, ఎవరో ఇచ్చిన టీ కప్పుల సెట్లు, ఇడ్లీకుక్కరు మీద ఇడ్లీకుక్కరు.

నాన్‌మూవింగ్ అయినంత మాత్రాన పారేయమని కాదు, ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఏళ్ళ తరబడి కదలకపోయినా అత్యవసరానికి ఉంచే విడిభాగాలు స్టోర్సులో ఉంటాయి. అవి లేకపోతే మొత్తం యంత్రం ఆగిపోతుంది. ఇంట్లో అలాంటివి ఏవో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరందరికీ చూపించింది. కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు, ఫోను పలకలేదు. ఆ రోజుల్లో అక్కరకు వచ్చినవి టార్చిలైటు, కొవ్వొత్తులు, మూతలున్న బిందెలు, చిల్లర నోట్లు, రోజూ వేసుకునే మాత్రల అదనపు పట్టీ. వీటికి రెండో కళ్ళజోడును, తడవని సంచిలో పెట్టిన ఇంటి దస్తావేజులను కలపండి. ఈ జాబితా వంటగది గోడ మీద ఉండాలి, వస్తువులన్నీ ఒకేచోట ఉండాలి. మిగతా కదలని సరుకుకు ఈ రక్షణ లేదు.

ఇక ఎంతసేపట్లో దొరుకుతుందన్న ప్రశ్న. సరుకు రావడానికి ఆరు నెలలు పడితే ఎక్కువ నిల్వ ఉంచుతాం, రేపే వస్తుందంటే ఉంచం. గాజువాక మెయిన్ రోడ్డులో పది నిమిషాల్లో దొరికే ప్లగ్గులు, మేకులు, పైపు ముక్కలు నేనెందుకు డబ్బాలకెత్తుకోవాలి? కూరగాయలకూ ఇదే లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి. మన ఊళ్ళో చాలా పేటలకు ఏదో ఒకటి దగ్గరలోనే ఉంది. అదే మీ స్టోరు అనుకుంటే ఇంట్లో పెద్ద ఫ్రిజ్ అవసరమే తగ్గుతుంది.

తీసేయదలచినవాటికి దారులు వేరువేరు. ఇనుము, కాగితం పాత సామాను బండికి. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్ళు ఇంకా వీధుల్లోకి వస్తున్నారు, కానీ జాగ్రత్త: ఒక మూట ఇచ్చి రెండు గిన్నెలు తెచ్చుకుంటే లెక్క ఎక్కడికీ తేలదు. బట్టలు ఊరికే ఇచ్చేయండి. పాడైన ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు చెత్తబండిలో వేయకూడదు. ఉబ్బిన బ్యాటరీ నలిగితే నిప్పంటుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ వ్యర్థాల రీసైక్లింగు బాధ్యత తయారీదారులదే. కొన్న షోరూములో అడిగి అధీకృత సేకరణ కేంద్రానికి చేర్చండి. భోగిమంటలో పాత చెక్క వేయవచ్చు, ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు.

ఇత్తడి సామాను దగ్గర నా పద్ధతి ఆగిపోయింది. మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన గంగాళం ఏ లెక్కలో చూసినా నాన్‌మూవింగే. "తూకానికి ఇచ్చేద్దామా?" అన్నాను. "తోమేది నేను కదండీ, మీకెందుకు?" అంది. నాలుగో ప్రశ్నకు జవాబు దొరికింది, గంగాళం ఉండిపోయింది. రవికెగుడ్డల సంగతి ఇంకా విచిత్రం. పేరంటంలో వస్తాయి, మరో పేరంటానికి వెళతాయి, ఎవరూ కుట్టించుకోరు. నా కార్డు ప్రకారం అవి ఇంట్లో అత్యంత చురుగ్గా కదిలే సరుకు!

వస్తువుల కన్నా ఒప్పుకున్న పనులు మోయడం కష్టం. డబ్బుతో ముడిపడినవి ముందు చూడండి, వాటికి మొహమాటం లేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట నెలనెలా దానంతటదే డబ్బు పోతున్నవి కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయవచ్చు. బ్యాంకు కార్డు మీద ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ మెసేజి చదవకుండా చెరిపేయకండి. వాడని బ్యాంకు ఖాతాలు మూసేయండి. రెండేళ్ళు మీరు లావాదేవీ చేయకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. తిరిగి అడిగి తెచ్చుకోవచ్చు గానీ, ఆ తిరుగుడు మన పిల్లలకు ఎందుకు? చీటీ మధ్యలో మానకండి. అది పూర్తయ్యాక కొత్తది కట్టకపోతే చాలు.

శుభకార్యాల విషయంలో మేమిద్దరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. చావుకు, జబ్బుకు తప్పకుండా వెళ్ళాలి. దగ్గరివాళ్ళ పెళ్ళికి ముహూర్తానికి వెళ్ళాలి. రిసెప్షన్లు, పుట్టినరోజులు మానేయాలి. భీమిలి నుంచి అనకాపల్లి దాకా ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్ళిళ్ళు పడే ఊళ్ళో ఇంతకు మించి సాధ్యం కాదు. కాదనేటప్పుడు అబద్ధపు కారణాలు కల్పించకండి, రెండోసారి అవి గుర్తుండవు. "ఆ రోజు రాలేము బావగారూ, హడావుడి తగ్గాక ఒక ఆదివారం వచ్చి కొత్త దంపతులను చూస్తాం" అనండి. అన్నాక వెళ్ళండి కూడా. పెళ్ళిలో అక్షింతలు వేసి, వరసలో నిలబడి తినివచ్చిన దానికన్నా వాళ్ళకు అదే గుర్తుంటుంది. కానుకగా వస్తువు కొనకండి, కవరులో చదివింపు చాలు. వాళ్ళ అటకను మీరెందుకు నింపాలి?

చివరగా, ఇంట్లో మీవి కాని వస్తువులు. పిల్లలు ఉద్యోగాలకు వెళుతూ వదిలిన ఇంజనీరింగు పుస్తకాలు, పోటీల్లో గెలిచిన కప్పులు, గిటారు. స్టోర్సులో పరాయి సరుకును మన లెక్కలో కలపం, తీసేసే హక్కూ మనకు లేదు. అన్నీ ఒక పెట్టెలో వేసి, పెట్టెలో ఉన్నవాటి జాబితా, తేదీ మూత మీద రాసి ఫొటో పంపండి. "సంక్రాంతికి వచ్చినప్పుడు చూసి చెప్పరా, ఆ తరవాత వాన నీకోసం ఆగదు" అని ఫోనులో చెప్పండి. పెట్టెను అటక మీద పెట్టకండి, వాడు పడుకునే మంచం పక్కనే పెట్టండి.