లామినేషన్ పౌచ్‌లు దిగుమతి చేసుకునే ముందు చూసుకోవాల్సినవి

జూన్‌లో బళ్లు తెరిచేలోగా స్టాకు కావాలని అనంతపురం, కర్నూలు హోల్‌సేల్ షాపులవాళ్లు ముందే ఆర్డర్లు పెడుతుంటారు. సరుకు చెన్నై పోర్టుకు చేరకముందే ఇవి చూసుకోండి.

• సప్లయర్ ఇన్‌వాయిస్‌లో వేసిన హెచ్‌ఎస్ కోడ్‌ను (సరుకు రకాన్ని బట్టి కస్టమ్స్ సుంకం తేల్చే అంకె) అలాగే ఎత్తి రాయకండి. కోడ్‌కు బాధ్యత దిగుమతి చేసుకున్నవాళ్లదే. సుంకం తక్కువ కడితే మామూలుగా 2 ఏళ్లు, కావాలని దాచారని తేలితే 5 ఏళ్లు వెనక్కి వెళ్లి వడ్డీతో అడుగుతారు. అప్పటికి సరుకంతా అమ్ముడుపోయి ఉంటుంది, ఆ తేడా ఎవరి దగ్గరా రాబట్టలేం.

• జిగురు ఉంది కదా అని 3919 కోడ్ వేయొద్దు. పౌచ్ లోపలి వైపు వేలితో నొక్కి చూడండి, అంటుకోదు. వేడి తగిలితేనే కరుగుతుంది. 3919 చేత్తో నొక్కగానే అంటుకునే వాటికి.

• రోలా, పౌచా? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 3920, 3921 కిందికి రోల్స్, దీర్ఘచతురస్రంగా మాత్రమే కోసిన షీట్లు వస్తాయి. ఏ4 పౌచ్‌కు రెండు షీట్లు ఒక అంచున అతికి, మూలలు గుండ్రంగా కోసి ఉంటాయి. కస్టమ్స్ సుంకాల పట్టికలో ప్లాస్టిక్‌లకు సంబంధించిన 39వ అధ్యాయం 10వ నోట్ చదివి, ఇతర ప్లాస్టిక్ వస్తువుల 3926 వర్తిస్తుందేమో క్లియరింగ్ ఏజెంట్‌తో తేల్చుకోండి. పౌచ్ అన్న పేరు చూసి ప్యాకింగ్ సంచుల 3923 వేయడం తప్పే.

• పొరలు, మైక్రాన్ల వివరాలున్న టెక్నికల్ షీట్ ముందే తెప్పించుకోండి. అధికారి అడిగాక వెతికితే డెమరేజ్ (సరుకు పోర్టులో ఆలస్యంగా ఉండిపోతే కట్టే రుసుము) పడుతుంది.

• మెషీన్లు కూడా వస్తుంటే వేరే లైన్‌లో చూపించండి. వాటిది 39వ అధ్యాయం కాదు.