ఎడమ పక్కన నేర్చిన చేతులతో జర్మనీలో కారు నడపడం

ఇండియాలో పద్నాలుగేళ్లు కారు నడిపాక 2021లో జర్మనీ వచ్చాను. కార్లంటే పిచ్చి ఉన్న మనవాళ్లు ఇక్కడ దిగగానే నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, ఆటోబాన్ మీద ఎంత దాకా తొక్కావు?" ఆటోబాన్ అంటే ఇక్కడి హైవే, కొన్నిచోట్ల వేగానికి లిమిట్ ఉండదు. ఎంత తొక్కానో కూడా చెప్తాను. కానీ ముందు వాళ్లని కార్లో ఎక్కించుకుని ఇళ్ల మధ్య ఉండే, గంటకి 30 కిలోమీటర్లు దాటకూడని 30 జోన్ సందుల్లో అరగంట తిప్పుతాను. మన పాత అలవాట్లు బయటపడేది అక్కడే. ఆటోబాన్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు, ఎదురొచ్చేవాడూ సైకిలువాడూ ఉండరు. సందులో అవన్నీ ఉంటాయి.

లైసెన్స్ సంగతి ముందే తేల్చేసుకోండి. మన లైసెన్స్ ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది. అది కూడా పక్కన జర్మన్ అనువాదమో, ఇండియాలో బయల్దేరే ముందు తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిటో ఉండాలి. ఆరు నెలలు దాటాక అదే లైసెన్స్‌తో నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, అది క్రిమినల్ నేరం. పరీక్ష లేకుండా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో ఇండియా లేదు. కాబట్టి థియరీ, డ్రైవింగ్ రెండూ రాసి, నడిపి పాస్ కావాలి. కళ్ల పరీక్ష, ఫస్ట్ ఎయిడ్ క్లాసు కూడా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఉన్నట్టు ఇన్ని గంటల క్లాసులు అన్న నిర్బంధం మాత్రం మనకి లేదు. ఇది విని చాలామంది నేరుగా పరీక్షకి వెళ్లిపోతారు. వద్దు. కనీసం పది క్లాసులు తీసుకోండి. థియరీలో 30 ప్రశ్నలు, ఇంగ్లిష్‌లో రాయొచ్చు. డ్రైవింగ్ పరీక్ష మొత్తం 55 నిమిషాలు, మాటలన్నీ జర్మన్‌లోనే. తిరగమనడానికి, ఆపమనడానికి, పార్క్ చేయమనడానికి వాడే మాటలైనా నోటికి వచ్చి ఉండాలి.

ఇక చేతుల సంగతి. స్టీరింగ్ ఎడమ పక్కకి వచ్చినా క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ వరస మారదు. కాళ్లకి కొత్తేమీ లేదు. గేరు మాత్రం కుడిచేతికి వస్తుంది. మొదటి వారం గేరు మార్చాలనుకున్నప్పుడల్లా ఎడమచెయ్యి వెళ్లి డోరుకి తగులుతుంది. దీనికి నేను చేసిన సాధన ఇది. పార్కింగ్‌లో ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, కళ్లు మూసుకుని ఒకటో గేరు నుంచి పైకి, మళ్లీ కిందికి, రివర్స్‌తో సహా, రోజూ ఇరవైసార్లు. రివర్స్ కొన్ని కార్లలో రాడ్ కింద ఉన్న రింగు పైకి లాగితే పడుతుంది, కొన్నింట్లో రాడ్‌ని కిందికి నొక్కితే పడుతుంది. ఎక్కిన వెంటనే అది చూసుకోండి. ఇండియాలో మారుతి, హ్యుందాయ్ నడిపినవాళ్లకి ఇండికేటర్ కుడిపక్కన ఉంటుంది, ఇక్కడ ఎడమపక్కన. టర్నింగ్‌లో ఎండలో వైపర్ తిరిగిందంటే ఇండికేటర్ పడలేదన్నమాట. మీరు తిరుగుతున్నట్టు వెనకవాడికి తెలియదు. మన దగ్గర ఫోక్స్‌వాగన్, స్కోడా నడిపినవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు.

చేతుల కంటే ఆలస్యంగా మారేది కారు వెడల్పు మీద మనకున్న అంచనా. ఇండియాలో లేన్‌కి కాస్త కుడిగా కూర్చుని రోడ్డుని చూడడం ఒంటికి అలవాటు. ఇక్కడ ఎడమ సీట్లో కూర్చుని కూడా ఒళ్లు అదే చోటు వెతుక్కుంటుంది. దాంతో కారు మొత్తం కుడివైపుకి జరిగిపోతుంది. నా మొదటి కారు కుడి ముందు అల్లాయ్ వీల్ మీద అరచెయ్యి పొడవున గీత పడింది ఇలాగే, ఫుట్‌పాత్ రాయికి ఒరుసుకుని. దీనికి మందు ఒకటే, ఎడమవైపు గీతకి దగ్గరగా ఉన్నామేమో అనిపించే దాకా కారుని ఎడమకి ఉంచడం. అప్పుడు లేన్‌కి నడిమధ్యలో ఉంటారు. నమ్మకం కుదరకపోతే రెండు పక్కల అద్దాల్లో గీతలు చూసుకోండి, రెండూ సమానంగా కనిపించాలి. లోపలి అద్దం ఇప్పుడు మీకు కుడివైపు పైన ఉంటుంది. కళ్లు ఎడమకి పోతే అక్కడ కిటికీ తప్ప ఏమీ ఉండదు.

రాంగ్ సైడ్‌లోకి పోయే ప్రమాదం ట్రాఫిక్ ఉన్నప్పుడు తక్కువ, ముందు బండి వెనకే పోతాం కాబట్టి. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీదే. తెల్లవారుజామున, పెట్రోల్ బంక్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు, వన్ వే సందు అయిపోయి మామూలు రోడ్డు మొదలైనప్పుడు జాగ్రత్త. ఇక్కడ కుడికి తిరగడం చిన్న మలుపు, ఎడమకి తిరగడం పెద్ద మలుపు. రోడ్డు ఎక్కేటప్పుడు మొదట చూడాల్సింది ఎడమకి. రౌండబౌట్‌లో గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. లోపలికి వెళ్లేటప్పుడు ఇండికేటర్ వేయకూడదు, బయటికి వచ్చేటప్పుడు కుడి ఇండికేటర్ వేయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా మూడో డ్రైవింగ్ క్లాసులో జరిగింది. రెండు వైపులా కార్లు పార్క్ చేసి ఉన్న ఇరుకు సందు, నేను 28లో పోతున్నాను. ఎదురుగా ఒక డెలివరీ వ్యాన్ వస్తోంది. వాడు ఎటు జరుగుతాడో, చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ ఉన్నాను. ఇండియాలో ప్రాణాలు కాపాడే చూపు అది. ఉన్నట్టుండి కారు గట్టిగా ఆగింది. ఇన్‌స్ట్రక్టర్ తన వైపున్న బ్రేక్ తొక్కాడు. కుడిపక్క చిన్న సందులోంచి సైకిల్ మీద ఒకావిడ, వెనక సీట్లో పిల్లతో, కనీసం మా వైపు తల కూడా తిప్పకుండా దాటి వెళ్లింది. ఇన్‌స్ట్రక్టర్ కోప్పడలేదు. "నీ కళ్లు మంచివే. కానీ పెద్ద బండిని చూస్తున్నాయి, ఖాళీ సందుని చూడడం లేదు" అన్నాడు.

ఆ రూలు పేరు రెక్ట్స్ ఫోర్ లింక్స్. అంటే ఎడమవాడి కంటే కుడివాడు ముందు. బోర్డుగానీ సిగ్నల్‌గానీ లేని ఏ కూడలిలోనైనా కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి. మీది వెడల్పు రోడ్డు, వాడిది గొంది అయినా సరే, వచ్చి మీ రోడ్డులో కలిసిపోయే సందు అయినా సరే. మన దగ్గర మెయిన్ రోడ్డు మీద ఉన్నవాడిది, పెద్ద బండివాడిది, ముందుగా ముక్కు దూర్చినవాడిది దారి. ఇక్కడ ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదు. ఆ సైకిల్ ఆవిడ నన్ను చూడకపోవడం నిర్లక్ష్యం కాదు, నేను ఆగుతానని ఆవిడ నమ్మింది. ఇంటికి వచ్చాక రాత్రంతా అదే గుర్తొచ్చింది. ఇండియాలో ఎవరినీ నమ్మకుండా నడపడమే మంచి డ్రైవింగ్ అని నేర్చుకున్నాను. ఇక్కడ ఎదుటివాళ్లు నన్ను నమ్మి రోడ్డు మీదికి వస్తారు. అలవాటు చేసుకోవాల్సింది ఇదే, మిగతావన్నీ చిన్నవి.

సందులో పోయేటప్పుడు ప్రతి కుడి సందు దగ్గరా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేక్ మీద ఆనించి, తల కుడికి తిప్పి చూడండి. పరీక్ష పెట్టేవాడికి మీ తల తిరగడం కనిపించాలి. ఇంటి గేటులోంచీ పెట్రోల్ బంక్‌లోంచీ వచ్చేవాళ్లకి ఈ హక్కు ఉండదు. తెల్లంచు ఉన్న పసుపు డైమండ్ బోర్డు కనిపిస్తే మీరు ప్రాధాన్యం ఉన్న రోడ్డు మీద ఉన్నట్టు, అప్పుడు ధైర్యంగా పోవచ్చు. అక్కడ అనుమానంతో ఆగిపోవడం కూడా తప్పే, వెనకవాడు మీరు పోతారని నమ్ముకుని వస్తుంటాడు. స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, నెమ్మదించడం సరిపోదు. లేన్ మారినా, కుడికి తిరిగినా, అద్దం చూసి ఊరుకోకుండా భుజం మీదుగా వెనక్కి చూడాలి. దీన్ని షుల్టర్‌బ్లిక్ అంటారు. అద్దంలో పడని సైకిల్ అప్పుడే కనిపిస్తుంది. పరీక్షలో ఇది మర్చిపోయి ఫెయిలైన మనవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. అందరూ ఇండియాలో చెయ్యి తిరిగిన డ్రైవర్లే.

హారన్ గురించి రెండు ముక్కలు. ఇక్కడ ప్రమాదం ఉన్నప్పుడు కొట్టొచ్చు, ఊరి బయట ఓవర్‌టేక్ చేస్తున్నానని చెప్పడానికి కొట్టొచ్చు. డిప్పర్ విషయంలో ఇంకా జాగ్రత్త. మన దగ్గర లైటు కొడితే "నేను వస్తున్నా, ఆగు" అని అర్థం. ఇక్కడ రోడ్డు మీద జనం వాడుకలో చాలాసార్లు "మీరు వెళ్లండి" అని అర్థం. మీరు ఆగమని కొడితే ఎదుటివాడు బయల్దేరతాడు.

ఆటోబాన్ దగ్గరికి వద్దాం. లిమిట్ లేని చోట కూడా 130 సూచించిన వేగం. అంతకు మించి పోవడం నేరం కాదు, కానీ యాక్సిడెంట్ జరిగితే తప్పులో కొంత మీ మీద పడొచ్చు. లిమిట్ ముగిసిందని చెప్పే బోర్డు తెల్లటి గుండ్రం మీద ఏటవాలు నల్లగీతలతో ఉంటుంది. అది కనిపించే దాకా తొందరపడొద్దు. లిమిట్ బోర్డు కింద "బై నేసె" అని ఉంటే ఆ లిమిట్ రోడ్డు తడిగా ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది.

మన హైవేల మీద లారీ కుడి లేన్‌లో పోతుంటే ఎడమ నుంచి దాటేయడం అలవాటే. ఇక్కడ కుడి నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. దాటాలంటే ఎడమ నుంచే, దాటిన వెంటనే కుడికి వచ్చేయాలి. ఈ ఒక్క క్రమశిక్షణ వల్లే అంత వేగం సాధ్యమవుతోంది. లెక్క చూడండి. మీరు లారీ వెనక 90లో ఉన్నారు. ఎడమ లేన్‌లో 400 మీటర్ల వెనక చుక్కలా ఒక కారు కనిపిస్తోంది. వాడు 200లో వస్తుంటే తేడా 110, సెకనుకి 30 మీటర్లు. పదమూడు సెకన్లలో మీ బంపర్ దగ్గర ఉంటాడు. లారీని దాటి మళ్లీ కుడికి రావడానికి మీకూ దాదాపు అంతే పడుతుంది. అందుకే అద్దంలో ఒకసారి చూసి బయటికి రావద్దు. చూడండి, ఒక సెకను ఆగండి, మళ్లీ చూడండి. ఆ రెండు హెడ్‌లైట్ల మధ్య ఎడం ఈలోగా పెరిగినట్టు కనిపిస్తే ఆగిపోండి, వాడిని పోనివ్వండి. అంత వేగం ఎలా ఉంటుందో మన కళ్లు ఇంతకు ముందు చూడలేదు కాబట్టి చుక్క చిన్నగా ఉంటే దూరంగా ఉందనుకుంటాం.

ముందు బండికి స్పీడోమీటర్‌లో సగం మీటర్ల దూరం పాటించండి, 120లో ఉంటే 60 మీటర్లు. ఆ ఖాళీలోకి ఎవరో దూరతారని మనసు పీకుతుంది. దూరినా ఫర్వాలేదు, మళ్లీ వెనక్కి తగ్గండి.

ట్రాఫిక్ నెమ్మదించి నడక వేగానికి రాగానే ఎడమ చివరి లేన్‌లో ఉన్నవాళ్లు ఎడమకి, మిగతా అన్ని లేన్లవాళ్లు కుడికి ఒదిగి మధ్యలో అంబులెన్స్‌కి దారి వదలాలి. దాని పేరు రెట్టుంగ్స్‌గాసె. సైరన్ వినిపించాక జరగడం కాదు, ముందే. చేయకపోతే 200 యూరోల నుంచి జరిమానా, నెలరోజులు డ్రైవింగ్ నిషేధం. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మూడు లేన్ల కార్లు ఎవరూ చెప్పకుండానే రెండుగా చీలిపోయాయి. మధ్యలోంచి అంబులెన్స్ బ్రేక్ వేయకుండా పోయింది. స్టీరింగ్ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

ఎంత దాకా తొక్కానంటారా? పాత డీజిల్ ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌లో, ఎమ్డెన్ ఊరి వైపు పోయే ఏ31 ఆటోబాన్ మీద, ఒక ఆదివారం పొద్దున 210. ఆదివారం ఎందుకంటే ఆ రోజు రాత్రి పది దాకా పెద్ద లారీలు రోడ్డెక్కకూడదు. బయల్దేరే ముందు టైరు పక్కన అక్షరం చూసుకున్నాను. టీ అంటే 190 దాకా, హెచ్ 210, వీ 240. నావి వీ. గాలి కూడా ఎక్కువ వేగానికి కంపెనీ చెప్పినంత పట్టించాను. చలికాలం టైర్లకి చాలాసార్లు తక్కువ అక్షరం ఉంటుంది, అది మర్చిపోకండి. మంచు, ఐసు ఉన్నప్పుడు పర్వతం, మంచుపువ్వు గుర్తు ఉన్న టైర్లు తప్పనిసరి. పాత ఎం ప్లస్ ఎస్ గుర్తు ఒక్కటే ఉంటే 2024 అక్టోబర్ నుంచి చెల్లదు.

కారుకి స్ప్రింగులో, వీల్సో మార్చాలనుకుంటే ఇక్కడ దారి ఉంది. పార్ట్‌తో పాటు వచ్చే ధ్రువపత్రం చూసుకుని, అవసరమైతే ట్యూఫ్ అనే వాహన తనిఖీ సంస్థవాళ్లతో తనిఖీ చేయించి కాగితాల్లో ఎక్కించుకోవాలి. కాగితం లేని పార్ట్ ఎంత చవకైనా కొనకండి. నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో నార్డ్‌ష్లైఫె అనే 20.8 కిలోమీటర్ల భాగాన్ని మామూలు జనానికి తెరిచే రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో అది టోల్ కట్టి పోయే వన్ వే రోడ్డు. అక్కడా ఓవర్‌టేక్ ఎడమ నుంచే. వెళ్లే ముందు ఇన్సూరెన్స్ కాగితాలు చదవండి, చాలా పాలసీలు అక్కడ జరిగినదానికి డబ్బు ఇవ్వవు. గార్డ్‌రైల్ వంగినా బిల్లు మీదే. మొదటి ల్యాప్ తెలిసినవాడి పక్కన కూర్చుని చూడండి.

సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. మొదటి రోజు నేను కారు తీయను, పక్క సీట్లో కూర్చుంటాను. రెండో రోజు పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద గంట. దారి నాది కదా అని పోవడం అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండి కోసం ప్రతి మలుపులో కళ్లు మళ్లీ వెతకాలి. వెనకవాడు మీరు సడెన్‌గా ఆగుతారని అనుకోడు కాబట్టి, నడిచేవాళ్ల కోసం ఆగేటప్పుడు ముందు అద్దం చూసి, మెల్లగా ఆపండి.

మూడు వారాల తర్వాత జర్మనీ తిరిగొచ్చి, రాత్రి ప్రయాణం అలసటతో ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో కారెక్కినప్పుడు ఇంజిన్ వేయక ముందే ఒకసారి ఆగుతాను. గేరు రాడ్ మీద కుడిచెయ్యి పెట్టి "కుడి పక్కన" అని పైకి అంటాను. పక్కన నా భార్య కూడా అంటుంది. అప్పుడు తాళం తిప్పుతాను.