కోతలయ్యాక దొంగల సీజన్: పొలంలో ఏం వదలకూడదు?

వరి కోతలైపోయి, మిరప కల్లాలకు చేరాక చేల వైపు మనుషుల అలికిడి తగ్గిపోతుంది. దొంగలు కాచుకునేది ఈ రోజుల కోసమే.

మోటారు కంటే ముందు పోయేది బోరు నుంచి స్టార్టర్ డబ్బాకు వచ్చే కేబుల్. ఆంధ్రలో వ్యవసాయానికి, మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు ఇచ్చేది పగలు 9 గంటలు. రాత్రి వైరు కోసినా షాక్ కొట్టదని దొంగ ధీమా. కోసుకుపోయి, ఏ వాగులోనో పైతొడుగు కాల్చేసి రాగి తూకానికి అమ్ముకుంటాడు. వాడికొచ్చేది కాస్త డబ్బు, మనకు కొత్త కేబుల్, మెకానిక్ ఖర్చు, ఈలోగా ఎండే తోట. వేసవి పంట లేకపోతే స్టార్టర్, పైన ఉన్న కేబుల్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విప్పించి ఇంటికి తెచ్చేయండి. పంట ఉంటే కేబుల్‌ను పైపులో దూర్చి రెండడుగుల లోతున పూడ్చండి. మోటారు బాడీ మీద పేరు, సర్వే నంబరు చెక్కించండి. పెయింట్ వేస్తే గీకేస్తారు. బిల్లు, సీరియల్ నంబరు ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి.

దొంగల కోసమని కంచెకు కరెంటు మాత్రం పెట్టొద్దు. దొంగ సంగతేమో గానీ, తెల్లారి నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను రైతు పోతాడు. కేసు మన మీదే.

మేకలు, గొర్రెలు ఇప్పుడు కార్లలో పోతున్నాయి. వెనక సీటు తీసేసి నాలుగైదింటిని కుక్కేస్తారు. దొడ్డికి తాళం వేసి ఊరుకోకుండా బాటకు అడ్డంగా ట్రాక్టర్ ట్రాలీ పెట్టండి, కారు లోపలికి రాదు. ట్రాక్టర్ తాళం చెవి మాత్రం దానికే వదిలేయకండి! కాపలా కుక్క ఉన్నట్టుండి మత్తుగా పడుంటే ఆ రాత్రి నిద్ర మానుకోవాల్సిందే. గేదెలకు 12 అంకెల చెవి ట్యాగు వేయించి, కొమ్ములు, మచ్చలు కనిపించేలా ఫోటోలు తీయండి. ట్యాగు కోసేయొచ్చు, కొమ్ము వంపు మార్చలేరు కదా.

ఎండిన మిర్చి కల్లంలో ఎన్ని రోజులుంటే అంత టెన్షన్. టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కగానే కోల్డ్ స్టోరేజీకో, మిర్చి యార్డుకో పంపేయండి.

దొంగతనం జరిగితే 112కు ఫోన్ చేయండి. పోలీసులొచ్చేదాకా అక్కడ తొక్కకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం, ‘మా పరిధి కాదు’ అని ఏ స్టేషన్‌లోనూ తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి ఉంటే దగ్గరికి పోకుండా లైన్‌మన్‌కూ, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కూ చెప్పండి. పశువులు పోతే ఫోటోలు పట్టుకుని చుట్టుపక్కల సంతలకు అదే వారం వెళ్లండి.