బెంగళూరులో చల్లారిన విశ్వాసాన్ని మళ్లీ రాజేసుకోవడం ఎలా?

ఊళ్లో ఉన్నంతకాలం ఆదివారం మందిరానికి వెళ్లాలా వద్దా అని ఎవరూ ఆలోచించరు. ఇంట్లో అందరూ బయల్దేరతారు, మీరూ వెళ్తారు. మారతహళ్లి పీజీకో, ఎలక్ట్రానిక్ సిటీలో నలుగురు కలిసి తీసుకున్న ఫ్లాటుకో మారాక అది మీ ఒక్కరి నిర్ణయం అవుతుంది. శనివారం రాత్రి షిఫ్టు, ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర. కొన్నాళ్లకి బైబిల్ తెరిచినా కళ్లు వాక్యం మీద, మనసు సోమవారం మీటింగు మీద ఉంటాయి. మన సంఘాల్లో దీన్ని "చల్లారిపోయాడు" అంటారు, కాస్త నిందగానే. ఆ నింద సంగతి వదిలేసి, చేయాల్సిన పని చూద్దాం.

ముందు నిద్ర, తిండి

ఉజ్జీవం, అంటే చల్లారిన విశ్వాసం మళ్లీ రగలడం, అనగానే చాలామందికి నలభై రోజుల ఉపవాసం, తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థన గుర్తొస్తాయి. రెండో వారంలో అలారం ఆపేసి పడుకుంటారు. చల్లారడానికి తోడు అపరాధభావం.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకి అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో అని దేవుణ్ని అడిగాడు. దేవుడు ఒక్క మాట కూడా మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ లేపి తినిపించాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే, హోరేబు కొండ దగ్గర. పాస్టర్లు ఆ కొండ దగ్గర ఏలీయాకి వినిపించిన మెల్లని స్వరం గురించి ఎంతో చెబుతారు గానీ, ఈ అప్పం, నిద్ర గురించి చెప్పేవాళ్లు తక్కువ.

కాబట్టి మొదటి వారం ఏ తీర్మానమూ వద్దు. సరిపడా నిద్రపోండి. రోజులో ఒక్క పూటైనా ఫోను పక్కన పెట్టి వేడిగా తినండి. వారంలో ఒక రోజు ల్యాప్‌టాప్ తెరవకండి. నర్సులకీ, కాల్ సెంటర్ వాళ్లకీ అది మంగళవారం కావచ్చు, ఫరవాలేదు. విశ్రాంతి దినపు ఆజ్ఞ దాసులకీ, పశువులకీ, ఇంట్లో ఉన్న పరదేశికీ కూడా వర్తిస్తుంది. పొట్ట చేతపట్టుకుని పరాయి ఊరొచ్చిన మీరూ ఆ లెక్కలోకే వస్తారు.

ఒక్కమాట. రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేకపోతే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే దాన్ని అవిశ్వాసం అనుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఈ ఊళ్లోనే హోసూర్ రోడ్డులో ఉంది. ప్రార్థిస్తే చాలు, మందులు మానెయ్యమనే బోధకుడి మాట మాత్రం వినొద్దు.

ఆ తర్వాత, ఉన్నది ఉన్నట్టు చెప్పడం

రెండో వారం నుంచి రోజుకో కీర్తన, పది నిమిషాలు. స్తుతి కీర్తనలతో మొదలుపెట్టకండి. 13వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్ని నిలదీస్తూ మొదలవుతుంది. 42లో భక్తుడు తన ప్రాణంతోనే మాట్లాడుకుంటాడు. 88 అయితే చీకట్లోనే ముగుస్తుంది, ఊరట మాట ఒక్కటీ ఉండదు. అలాంటి ప్రార్థనకి కూడా బైబిల్లో చోటుంది. కాడుగోడి నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కేవాళ్లకి కీర్తన చదివేంత సమయం దండిగా దొరుకుతుంది. సీటు దొరక్కపోవచ్చు, అంతే.

చదివాక మీ ఇంటి యాసలో మాట్లాడండి. మైకు ముందు ప్రార్థించే గ్రాంథికం అక్కర్లేదు. "ప్రభువా, నాకు విసుగొచ్చింది" అన్నా ప్రార్థనే.

ఇక్కడికి వచ్చేసరికి దాచిపెట్టిందేదో గుర్తుకొస్తుంది. ఒక సంబంధం, ఒక అలవాటు, ఇంటికి చెప్పిన ఒక అబద్ధం. ప్రకటన 2వ అధ్యాయంలో, మొదటి ప్రేమను వదిలేసిన ఎఫెసు సంఘానికి ప్రభువు మూడు పనులు చెప్పాడు: ఎక్కడ నుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్యి. "నేను పాపిని" అని మొత్తంగా అనేయడం తేలిక. పేరు పెట్టి ఒప్పుకోవడమే కష్టం, అలా ఒప్పుకున్నప్పుడే గుండె తేలికపడుతుంది. కతోలికులు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. మిగతావాళ్లకి యాకోబు 5:16 ఉంది, ఒకరితో ఒకరు ఒప్పుకోమని. ఎవరితో చెప్పాలో మాత్రం చూసి ఎంచుకోండి. "ప్రార్థనాంశం" పేరుతో మీ సంగతి సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుకెక్కించే అక్కయ్యలూ, అన్నయ్యలూ ప్రతి కూడికలోనూ ఉంటారు.

అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తానన్న సుంకరి జక్కయ్యలా, మీరూ తిరిగి ఇవ్వాల్సిందేమైనా ఉంటే ఇచ్చేయండి. రూమ్మేటుకి బాకీపడ్డ అడ్వాన్సు డబ్బైనా సరే.

ఇక మనుషులు

యూట్యూబ్‌లో ప్రసంగాలు వినండి, తప్పులేదు. అయితే మీరు నాలుగు వారాలు వినకపోతే అడిగేవాడు అక్కడ ఉండడు. బెంగళూరులో తెలుగు ఆరాధనలు చాలానే ఉన్నాయి. కొన్ని పెద్ద మందిరాల్లో, ఎక్కువ అద్దె హాళ్లలో, అపార్టుమెంటు హాలు గదుల్లో జరుగుతాయి. ఆఫీసులో తెలుగు విశ్వాసి ఒక్కరు దొరికితే చాలు, వాళ్లే తీసుకెళ్తారు. కతోలికులకి శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా ఉంది. అక్కడ ఆగస్టు 29 నుంచి నవదిన ప్రార్థనలు, సెప్టెంబరు 8న పండుగ. వివేక్‌నగర్ బాల యేసు దేవాలయానికి గురువారాలు జనం పోటెత్తుతారు. ఒంటరిగా కాసేపు కూర్చోవాలంటే, 1808లో పునాది పడిన సెయింట్ మార్క్స్ కెథడ్రల్ కబ్బన్ పార్కు దగ్గరే ఉంది.

సంఘాన్ని ఎంచుకునేటప్పుడు పాట ఎంత బాగుందని చూడకండి, డబ్బు గురించి ఎలా మాట్లాడుతున్నారో చూడండి. కానుక వేస్తే ఆన్‌సైట్ వస్తుంది, వీసా వస్తుంది అంటే మర్యాదగా లేచి వచ్చేయండి. ప్రశ్న అడిగితే పాస్టర్ గారు చిరాకు పడుతున్నారా, కూర్చోబెట్టి మాట్లాడుతున్నారా? నాకైతే ఈ రెండు పరీక్షలూ చాలు.

దొరికాక అక్కడే ఉండండి, వారానికో మందిరం తిరగొద్దు. ఆశీర్వాదం చెప్పగానే చెప్పులేసుకుని పరుగెత్తకుండా టీ దాకా ఆగండి. కుర్చీలు సర్దడమో, సండే స్కూలు పిల్లలకి కథ చెప్పడమో, ఒక పని అడిగి తీసుకోండి. ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, దూరమై చాలాకాలమైతే పాస్టర్ గారితో ముందు మాట్లాడండి.

పాత ఉత్సాహం వెంటనే రాకపోవచ్చు. కన్నీళ్లు రాలేదని కంగారుపడకండి. రూమ్మేటు మీద విసుక్కోవడం తగ్గిందా, అమ్మ ఫోను ఎత్తబుద్ధేస్తోందా అని చూసుకోండి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారంలో కీర్తనలు తప్పిపోతాయి, ఆదివారమూ తప్పిపోతుంది. తప్పినవన్నీ కలిపి ఒకే రాత్రి చదవాలని కూర్చోకండి. ఆ రోజు వంతు కీర్తన చదివి, వారం మధ్యలో దగ్గర్లో జరిగే ఇంటి కూడికకి వెళ్లండి. ఎందుకు రాలేదని అడిగితే పని పడిందని చెప్పండి.